తమ్ముడి గంజాయి కేసులో అమ్మ ఇల్లు ఫ్రీజ్ చేశారు, ఇప్పుడేం చేయాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. నాకు అర్థమైంది ఇదీ. 2025 మార్చిలో నర్సీపట్నం దగ్గర తనిఖీలో మీ తమ్ముడు 62 కిలోల గంజాయితో దొరికాడు. వాడు నడిపిన కారు మీ ఆయన పేరున ఉంది. ఇప్పుడు మధురవాడలో మీ అమ్మగారి పేరున ఉన్న జీ ప్లస్ వన్ ఇల్లు, బ్యాంకులో ఆవిడ ఫిక్స్‌డ్ డిపాజిట్, సబ్బవరం దగ్గర ఒక స్థలం, ఈ మూడింటినీ ఫ్రీజ్ చేస్తూ ఆర్డరు ఇచ్చి వెళ్లారు. కేసు వాడి మీద అయితే అమ్మ ఇల్లు ఎలా పట్టుకుంటారు, తీర్పు రాకుండానే తీసేసుకోవచ్చా అని మీ ప్రశ్న. ఆస్తులు లాక్కుంటే గంజాయి ఆగిపోతుందా అని ఇంకొకాయన వెటకారంగా అడిగారు. ఆయనకూ తర్వాత చెబుతాను.

ముందు నా సంగతి. పోలీసు శాఖలో 31 ఏళ్లు చేసి సీఐగా రిటైరయ్యాను. చివరి ఆరేడేళ్లు నా బల్ల మీద ఎక్కువగా ఉన్నవి గంజాయి కేసుల ఫైళ్లే. మీ ఇంటికొచ్చిన లాంటి ఆర్డర్ల మీద నేనే సంతకాలు పెట్టాను. అంటే ఇన్నాళ్లూ మీకు ఎదురువైపు కూర్చున్నవాణ్ని. వకీలుని కాదు కాబట్టి మీ వకీలుగారి మాట ముందు, నా మాట తర్వాత. కాకపోతే ఫైలు అటువైపు ఎలా తయారవుతుందో నాకు తెలుసు. అది తెలిస్తే మీకు పని సులువవుతుంది.

ఫ్రీజ్ చేయడం వేరు, జప్తు చేయడం వేరు. ఫ్రీజ్ అయిన ఇంట్లో మీ అమ్మగారు ఉండొచ్చు, వంట చేసుకోవచ్చు, పండగ చేసుకోవచ్చు. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఎవరికీ రాసివ్వకూడదు, అంతే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు కబురు వెళ్లి ఉంటుంది కాబట్టి రిజిస్ట్రేషన్ కుదరదు. ఇల్లు ఖాళీ చేయించేది జప్తు ఆర్డరు వచ్చాకే. అప్పుడు కూడా స్వాధీనం చేయడానికి 30 రోజులు గడువిస్తూ నోటీసు ఇవ్వాలి. ఈ రోజు రాత్రి ఎవరో వచ్చి సామాను బయట పడేస్తారని మీ అమ్మగారు నిద్ర మానేసి కూర్చోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఆర్డరు కాగితం చేతిలోకి తీసుకుని పైన ఏ సెక్షన్ రాసుందో చూడండి. మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. గంజాయి కేసుల్లో మామూలుగా ఉండేది మాదకద్రవ్యాల మీద తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం 68ఎఫ్. ఈ చట్టం 1985లో వచ్చింది. ఆస్తుల జప్తు గురించి ఐదో-ఏ అధ్యాయాన్ని తర్వాత, 1989లో అమల్లోకి తెచ్చారు. 68ఎఫ్ అయితే మీ వ్యవహారం విశాఖ కోర్టులో కాదు, చెన్నైలో జప్తు సంగతి తేల్చే అధికారి, అంటే కాంపిటెంట్ అథారిటీ దగ్గర నడుస్తుంది. స్మగ్లర్ల ఆస్తుల చట్టం సఫేమా పేరుతో దాన్ని సఫేమా ఆఫీసు అంటారు అందరూ. అలా కాకుండా కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 107 అని ఉంటే అది 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సెక్షన్. దాని కింద దర్యాప్తు అధికారి ఎస్పీ లేదా కమిషనర్ అనుమతితో ఇక్కడి కోర్టునే అడుగుతాడు. కోర్టు మీకు 14 రోజుల నోటీసు ఇస్తుంది. మోసపోయినవాళ్లున్న కేసుల్లో, అంటే చిట్టీల మోసం, సైబర్ మోసం లాంటివాటిలో, ఆ సొమ్మును కలెక్టరు ద్వారా బాధితులకు పంచే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఈడీ వాళ్ల ఆర్డరు అయితే మనీ లాండరింగ్ చట్టం కింద వస్తుంది, తాత్కాలిక అటాచ్‌మెంటు 180 రోజులు. మీరు చెప్పినదాన్ని బట్టి స్టేషన్ నుంచే వచ్చారు కాబట్టి 68ఎఫ్ అనుకునే రాస్తున్నాను.

68ఎఫ్‌లో రెండు గడియారాలు తిరుగుతుంటాయి. ఆర్డరు ఇచ్చిన 48 గంటల్లో దాని కాపీ కాంపిటెంట్ అథారిటీకి పంపాలి. ఆర్డరు ఇచ్చిన 30 రోజుల్లో ఆ అథారిటీ ఖరారు చేయాలి. ఖరారు చేయకపోతే ఆ ఆర్డరు చెల్లదు. చూడటానికి ఇవి చిన్న విషయాలే. నా ఫైలు ఒకటి ఇలాగే పోయింది. శుక్రవారం సాయంత్రం ఆర్డరు మీద సంతకం పెట్టాను. స్టేషన్ కాగితాలు చూసే రైటరు సెలవు. సోమవారం పంపుదాంలే అనుకున్నాను. నెలల తరబడి తిరిగి లెక్కలు కట్టిన ఆస్తి, నాలుగు ఫ్లాట్లు, ఆ రెండు రోజుల బద్ధకానికి చేజారింది. ఎదుటి పక్షం వకీలు ఆ తేదీలు చదువుతుంటే తల ఎత్తలేకపోయాను. కాబట్టి మీ చేతిలో ఉన్న ఆర్డరు మీద తేదీ, ఖరారు ఉత్తర్వు మీద తేదీ, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వకీలుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు మొదట చూపించాల్సింది అవే.

ఇంకో విషయం కూడా చూడాలి. ఫ్రీజ్ చేసే ముందు అధికారి తన కారణాలు కాగితం మీద రాయాలి. ఈ ఆస్తి అక్రమంగా సంపాదించిందని నమ్మడానికి ఆధారమేంటి, దీన్ని దాచేస్తారనో అమ్మేస్తారనో ఎందుకు అనుమానం, రెండూ ఉండాలి. పాత ఫైల్లోంచి కాపీ కొట్టి పేరు మార్చిన ఆర్డర్లు నేను చాలా చూశాను. ఒకదాంట్లో ముద్దాయి పేరు మారింది గానీ ఊరు పేరు మారలేదు. 2008లో అస్లం మహమ్మద్ మర్చంట్ కేసులో సుప్రీంకోర్టు ఇదే పట్టుకుంది. కారణాలు నమోదు కాకుండా, నేరానికీ ఆస్తికీ ముడి చూపించకుండా నోటీసులిస్తే నిలవవని చెప్పింది.

మరి మీ అమ్మగారు ఎలా వచ్చారు ఇందులోకి? పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే ఎన్‌డీపీఎస్ నేరంలో శిక్ష పడ్డవాళ్లకే కాదు, అరెస్టయినవాళ్లకు కూడా ఈ అధ్యాయం వర్తిస్తుంది. గంజాయిలో 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. 62 కిలోలంటే అందులో సందేహం లేదు. ముద్దాయితో పాటు బంధువులకూ వర్తిస్తుంది. బంధువులంటే చట్టంలో పెద్ద లిస్టే ఉంది. భార్య, అమ్మానాన్న, పిల్లలు, తోడబుట్టినవాళ్లు, తోడబుట్టినవాళ్ల భార్యలు, భర్తలు. అంటే మీరూ వస్తారు, మీ ఆయనా వస్తారు. కంగారు పడకండి. బంధువైనంత మాత్రాన మీ సొంత ఆస్తి పోదు. 1994లో అమృత్‌లాల్ ప్రజీవన్‌దాస్ కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. అది స్మగ్లర్ల ఆస్తుల చట్టం మీద వచ్చిన తీర్పు, కానీ ఈ అధ్యాయానికి మూలం ఆ చట్టమే. బంధువులను లిస్టులో పెట్టింది ముద్దాయి సొమ్ము వాళ్ల పేర్ల మీద దాక్కుంటే పట్టుకోవడానికే గానీ, వాళ్లు స్వయంగా సంపాదించుకున్నది లాక్కోవడానికి కాదని దాని సారాంశం.

అయితే ఒక మెలిక ఉంది. సొమ్ము ముద్దాయిది కాదని చూపించాల్సిన బాధ్యత మీదే. మామూలు క్రిమినల్ కేసులో పోలీసు రుజువు చేయాలి, ఇక్కడ 68జె ప్రకారం ఆస్తి ఉన్నవాళ్లు చూపించుకోవాలి. అందుకే ఇలాంటి కేసుల్లో వాదన కన్నా కాగితానికి బలం ఎక్కువ. నాన్నగారు కష్టపడి కట్టారండీ అంటే ఎవరూ కాదనరు, ఏ డబ్బుతో కట్టారో చూపించమంటారు.

చట్టంలో మీకు బాగా పనికొచ్చే వాక్యం 68సి కింద ఉంది. అరెస్టయిన తేదీకి ఆరేళ్ల కన్నా ముందు సంపాదించిన ఆస్తిని జప్తు చేయకూడదు. 2025 మార్చి నుంచి వెనక్కి లెక్కేస్తే 2019 మార్చి. మీ నాన్నగారు పోర్టులో రిటైరయ్యాక పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులతో 2011లో 120 గజాలు అమ్మగారి పేరున కొన్నారన్నారు, మరుసటి ఏడాది కింద పోర్షన్ కట్టారన్నారు. అది ఈ గీతకు అవతలే ఉంది. రిజిస్టర్డ్ డాక్యుమెంటు, 2012 నాటి ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను మొదలైన ఏడాది రసీదు, కరెంటు మీటరు ఇచ్చిన తేదీ, ఈ నాలుగూ చాలు. పాత ఇంటి పన్ను రసీదులు జీవీఎంసీలో తీయించుకోవచ్చు. కరెంటు ఆఫీసులో కనెక్షన్ తేదీ ఇస్తారు. నాన్నగారి రిటైర్మెంటు ఉత్తర్వు, ఆ డబ్బు పడిన పాస్‌బుక్ పేజీ దొరికితే మరీ మంచిది.

పై పోర్షన్ సంగతి వేరు. 2023లో వేశారు, ఆరేళ్ల లోపలే. ఖర్చులో మీరు బ్యాంకు లోను తీసి 6 లక్షలు ఇచ్చారు, అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్‌లో మిగిలింది కొంత, తమ్ముడు ‘కొంత’ ఇచ్చాడని రాశారు. ఆ కొంత ఎంత? ఫైల్లో జరిగేది చెబుతాను. పోలీసులు ఆర్ అండ్ బీ ఇంజనీరు చేత ఇంటికి విలువ కట్టిస్తారు. ఆ అంకెలోంచి మీరు చూపించిన డబ్బు తీసేస్తారు. మిగిలింది మీ తమ్ముడి గంజాయి డబ్బు అంటారు. మేస్త్రీకి చేతికిచ్చిన కూలి, ఇసుక లారీకి ఇచ్చిన నగదు, వీటికి రసీదు ఎవరూ అడగరు కదా, అక్కడే మీకు లోటు పడుతుంది. కాబట్టి మీ లోను అకౌంటు నుంచి అమ్మగారి అకౌంటుకు వెళ్లిన ఎంట్రీ, అక్కడి నుంచి సిమెంటు, ఐరన్ షాపులకు వెళ్లిన ఎంట్రీలు, తారీఖు వారీగా ఒక కాగితం మీద రాసుకోండి. మీరూ ప్రైవేటుగా ఒక ఇంజనీరు చేత విలువ కట్టించండి. ఇంజనీర్ల మధ్య రెండు మూడు లక్షలు తేడా రావడం మామూలే.

ఎంత చూపించినా కొంత భాగం తేలకపోతే ఇల్లంతా పోతుందా? పోనక్కర్లేదు. 68కె ఉంది. ఆస్తిలో కొంత భాగానికి మాత్రమే డబ్బెక్కడిదో చెప్పలేకపోతే, ఆ భాగానికి మార్కెట్ విలువ ఎంతో అంత జరిమానా కట్టి ఆస్తి దక్కించుకునే అవకాశం ఇవ్వాలి. చాలామంది వకీళ్లు ‘మొత్తం మాదే’ అని ఒకే పట్టు పడతారు, రెండో మెట్టుగా ఇది అడగరు. మీరు అడిగించండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక కేసులో కుర్రాడి తల్లి కంచరపాలెం రైతుబజార్లో ఆకుకూరలు అమ్మేది. ఆవిడ పేరున 1,80,000 డిపాజిట్ కనబడింది. ఆకుకూరలమ్మే మనిషికి ఇంత డబ్బెక్కడిదని ఫ్రీజ్ రాసేశాను. రెండు వారాలకు ఆవిడ స్టేషన్‌కు వచ్చింది. ప్లాస్టిక్ సంచిలోంచి నాలుగు నోటుపుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. రోజూ తోటకూర ఇన్ని కట్టలు, గోంగూర ఇన్ని కట్టలు, ఆటోకు ఇంత, టీకి ఇంత, చిట్టీకి ఇంత. తొమ్మిదేళ్ల లెక్క. ఆవిడకు రాయడం రాదు, కూతురు చేత రాయించుకునేదట. ఒక పేజీ చివర పసుపు మరక. చిట్టీ పాడిన నెల, డిపాజిట్ వేసిన నెల సరిగ్గా కలిశాయి. ఆ నోటుపుస్తకాలు చెన్నై పంపాం, డిపాజిట్ విడిచిపెట్టారు. విడిచిపెట్టాలని నా రిపోర్టులో నేనే రాశాను. ముందే ఆవిణ్ని కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడి ఉంటే అసలు ఫ్రీజే చేసేవాణ్ని కాదు. మీ అమ్మగారి డిపాజిట్ పెన్షన్‌లోంచి వేసిందే అయితే పెన్షన్ పడే అకౌంటు స్టేట్‌మెంటు 2018 నుంచి తీయించండి. నెలనెలా పడింది, తీసింది, మిగిలింది. ఇది మీ మూడింటిలో తేలికైనది.

అటువైపు వాళ్లు దేనికోసం వెతుకుతారో కూడా చెప్పేస్తాను. రోజుకు 50,000 దాటి నగదు వేస్తే పాన్ అడిగేవారు కదా, అందుకని 49,000, 48,500 చొప్పున వరసగా పడిన డిపాజిట్లు కనబడితే మా కళ్లు అక్కడే ఆగుతాయి. ఫోన్‌పే, గూగుల్‌పేలో ఎవరెవరి నుంచో చిన్నచిన్న మొత్తాలు రావడం, గోల్డ్ లోను ఒకేసారి నగదుతో తీర్చేయడం కూడా అంతే. వీటికి జనం చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే, వ్యవసాయ ఆదాయం. మా అనకాపల్లి వైపైతే బెల్లం అమ్మాం అంటారు. సరే, బెల్లం అమ్మితే మార్కెట్లో కమిషన్ వ్యాపారి ఇచ్చిన పట్టీ ఉండాలి, చెరకు వేసినట్టు రెవెన్యూ వాళ్ల పంట రికార్డు అడంగల్లో ఉండాలి. ఎకరం జీడితోట చూపించి 14 లక్షల ఆదాయం రాసిచ్చినవాడు ఒకడున్నాడు. అతని తోటకు నేను స్వయంగా వెళ్లాను. చెట్ల కన్నా మేకలు ఎక్కువున్నాయి.

మీ పేరున గిఫ్ట్ డీడ్ రాయించుకుంటే సరిపోతుందని డాక్యుమెంట్ రైటరు సలహా ఇచ్చాడన్నారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. ఫ్రీజ్ అయ్యాక చేసిన ఏ బదిలీ అయినా చట్టం దృష్టిలో జరగనట్టే. పైగా ఆస్తి దాచేస్తున్నారని మేం ఊరికే రాసే మాటకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

కారు విషయం క్లుప్తంగా. దానికి వేరే దారి ఉంది, సెక్షన్ 60. యజమానికి తెలియకుండా, యజమాని జాగ్రత్త పడ్డా వాడుకున్నారని మీ ఆయన చూపించగలిగితే కారు జప్తు కాదు. కేసు తేలేదాకా స్టేషన్ ఆవరణలో ఎండావానల్లో తుప్పు పట్టనివ్వక్కర్లేదు. 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు, ఎన్‌డీపీఎస్ కేసుల్లో కూడా వాహనాన్ని షరతులతో తాత్కాలికంగా ఇవ్వొచ్చని చెప్పింది. ఇక్కడి ఎన్‌డీపీఎస్ కోర్టులోనే పిటిషన్ వేయాలి, చెన్నైలో కాదు. ఆ రోజు కారు ఏ పని చెప్పి తీసుకెళ్లాడో, వాట్సాప్‌లో ఏమైనా మాట్లాడుకున్నారో, ఫోను మార్చకుండా అలాగే ఉంచమనండి.

మీ తమ్ముడి కేసు తేలేదాకా ఆగుదాంలే అనుకోకండి. అందరూ చేసే తప్పు ఇదే. విచారణ ఇక్కడ, ఆస్తి చెన్నైలో, రెండూ వేరువేరు బళ్లు. ఖరారు తర్వాత ఏదో ఒక రోజు 68హెచ్ కింద షోకాజ్ నోటీసు వస్తుంది. మీ ఆదాయమేంటి, ఈ ఆస్తికి డబ్బెక్కడిది, ఎందుకు జప్తు చేయకూడదో 30 రోజుల్లో చెప్పమంటారు. ఆ కవరు తీసుకోకుండా పోస్ట్‌మ్యాన్‌ను వెనక్కి పంపేస్తే నోటీసు అందనట్టే అనుకునే కుటుంబాలు ఉన్నాయి. అలా అనుకున్నవాళ్లకు వాళ్ల మాట వినకుండానే ఎక్స్‌పార్టీ ఆర్డరు వస్తుంది. దాని మీద 45 రోజుల్లో ఢిల్లీ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, ఆ పైన ఖర్చులు మీరే ఊహించుకోండి. రేపు మీ తమ్ముణ్ని కోర్టు నిర్దోషిగా వదిలేసి, అప్పీలులో కూడా అదే నిలిస్తే, ఫ్రీజ్ అయిన ఆస్తి 68జెడ్ కింద విడుదలవుతుంది. కానీ దాని కోసం కూర్చుంటే ఏళ్లు పట్టొచ్చు.

ఇక రెండో ఆయన ప్రశ్న. గంజాయి ఆగుతుందా? అరెస్టులతో ఆగలేదనేది నా అనుభవం. చింతపల్లి, జీకే వీధి వైపు పండినదీ, ఒడిశా సరిహద్దు దాటి వచ్చినదీ మోసేవాడు కూలి కోసం మోస్తాడు. వాణ్ని జైలుకు పంపితే వారంలో ఇంకొకడు దొరుకుతాడు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఆ పొగ చూసినవాళ్లు ఇక అయిపోయిందనుకున్నారు. అవ్వలేదు. 2024 నవంబరులో మళ్లీ ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగం పెట్టాల్సి వచ్చింది. సరుకు పోతే వ్యాపారికి ఒక ట్రిప్పు నష్టం. జైలు కూడా లెక్కలో వేసుకునే దిగుతాడు, ఇంటి దగ్గర అద్దెలొస్తుంటే లోపల రెండేళ్లు గడిచిపోతాయి. ఆ అద్దెలొచ్చే బిల్డింగ్ మీద కాగితం అంటించిన రోజు మాత్రం, జైల్లో నవ్వుతూ కూర్చున్నవాడు మొదటిసారి వకీలుని తిట్టడం నేను కళ్లారా చూశాను. అందుకే ఈ చట్టం మీద నాకు నమ్మకం.

కానీ దాన్ని ఎవరి మీద వాడుతున్నాం అనేదే అసలు ప్రశ్న. ట్రిప్పుకు ఇంతని తీసుకునే డ్రైవరు తల్లి పేరున ఉన్న రెండు గదుల ఇల్లు కనబడుతుంది, దొరుకుతుంది, ఫైలు నిండుతుంది, మీటింగులో అంకె చెప్పుకోవచ్చు. వాడి చేత మోయించినవాడి ఆస్తి ముగ్గురు నలుగురు బినామీల పేర్లలో, వేరే రాష్ట్రంలో, ఏదో ట్రాన్స్‌పోర్టు కంపెనీ లెక్కల్లో ఉంటుంది. దాన్ని విప్పడానికి బ్యాలెన్స్ షీటు చదవగలిగినవాడు కావాలి. లాఠీ పట్టుకునే మాకు అది రాదు, నేర్పేవాళ్లూ తక్కువ. ఐర్లండ్‌లో 1996లో దీనికోసమే ఒక బ్యూరో పెట్టి పోలీసులనూ పన్ను అధికారులనూ ఒకే కప్పు కింద కూర్చోబెట్టారు. మన దగ్గర ఒక స్టేట్‌మెంటు కోసం బ్యాంకుకు మూడు ఉత్తరాలు రాయాలి.

ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, ఇంకో చిక్కు. 1970 నాటి ఒకటిబార్ డెబ్భై అనే భూ బదలాయింపు చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరుడు భూమి కొనకూడదు. అందుకని గంజాయి డబ్బు ఏజెన్సీలో పుట్టినా అక్కడ కాగితాల్లో కనబడేది తక్కువ. కొండ దిగి నర్సీపట్నం, పెందుర్తి, మధురవాడల్లో గజాల లెక్కన తేలుతుంది. మొక్క వేసిన గిరిజన రైతు దగ్గర జప్తు చేయడానికి ఏమీ ఉండదు, ఉన్న రెండెకరాలు కూడా తాతల నాటివి.

తీర్పు రాకుండా ఆస్తి పట్టుకోవడం అన్యాయం కాదా అంటే, ఆ భయం ఉత్తుత్తిది కాదు. అమెరికాలో ఆస్తి మీదే కేసు పెట్టి, పట్టుకున్న డబ్బులో పోలీసు శాఖలే వాటా తీసుకునే పద్ధతి 1984 చట్టంతో పెరిగింది. 2019లో టింబ్స్ కేసు వచ్చింది. ఆ నేరానికి గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లు, పోలీసులు లాక్కున్న కారు విలువ 42,000 డాలర్లు. మితిమీరిన జరిమానా వేయకూడదన్న రాజ్యాంగ నియమం రాష్ట్రాలకూ వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మన ఎన్‌డీపీఎస్‌లో జప్తు అయిన ఆస్తి కేంద్ర ప్రభుత్వానికి పోతుంది, అమ్మిన డబ్బు మాదకద్రవ్యాల నియంత్రణ నిధికి చేరాలి. స్టేషన్‌కు ఒక్క రూపాయి రాదు. ఫ్యాను రిపేరుకు కూడా చేతిలోంచి పెట్టుకున్నవాణ్ని, అయినా ఇదే మంచిదంటాను.

చివరగా సబ్బవరం స్థలం. ఇంటి గురించి మీరు రెండు పేరాలు రాశారు, కారు గురించి ఒక పేరా. స్థలం గురించి ‘2022లో అమ్మ పేరున కొన్నాం’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎవరు కొన్నారు, ఏ డబ్బుతో కొన్నారు, ఏమీ లేదు. నేను ఫైలు చూసే మనిషినైతే మొదట వేలు పెట్టేది అక్కడే. మీకు నిజంగా తెలియకపోతే ముందు అమ్మగారిని అడగండి, మీ ఇద్దరే కూర్చుని, గట్టిగా కాకుండా. ఆ డబ్బు తమ్ముడు తెచ్చిందే అని తేలితే, దానికి కథ అల్లకండి. ఎవరో అప్పిచ్చారని పాత తేదీతో ప్రామిసరీ నోటు రాయించే సలహా రేపో మాపో మీకు వస్తుంది. ఆ అప్పిచ్చినవాడి బ్యాంకు స్టేట్‌మెంటు కూడా అడుగుతారు, వాడు చేతులెత్తేస్తాడు. ఆ ఒక్క అబద్ధం దొరికాక, నాన్నగారి పీఎఫ్‌తో కొన్న 120 గజాల గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా అనుమానంగానే చదువుతారు. మూడు ఆస్తులకూ మూడు వేరువేరు జవాబులు రాయించండి. స్థలానికి జవాబు లేకపోతే, లేని సంగతి మీ వకీలుగారికి మాత్రం దాచకండి.

సబ్బవరం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ డాక్యుమెంటు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. రెండో మూడో పేజీలో సొమ్ము ఎలా ముట్టిందో రాసుంటుంది, చెక్కు నంబరా, నగదా అని. అది చూశాక మళ్లీ రాయండి.